కోతి కిడ్నీని అడిగితే ఊపిరితిత్తి సంగతి తెలుస్తుందా?

2020లో హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు మన ఇళ్లలో పారాసిటమాల్ అంత మామూలైపోయింది. ల్యాబ్‌లో కరోనా వైరస్‌ని ఆపిందని వార్త. ఆపిన మాట నిజమే. కానీ ఏ కణాల్లో? వీరో కణాల్లో. 1962లో జపాన్‌లో ఒక ఆఫ్రికా కోతి కిడ్నీ నుంచి తీసి, అప్పట్నుంచీ పెంచుతూ వస్తున్న కణాలవి. పెంచడం తేలిక, వైరస్ కూడా బాగా పెరుగుతుంది. అందుకే వైరస్‌లతో పనిచేసే ల్యాబుల్లో వాటికి అంత గిరాకీ.

చిక్కంతా అక్కడే ఉంది. వీరో కణం వైరస్‌ని ఒక చిన్న సంచిలో లోపలికి లాక్కుంటుంది. ఆ సంచిలో ఆమ్లం ఉంటేనే వైరస్ బయటపడగలదు. ఈ మందు ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, దారి మూసుకుపోతుంది. మన ఊపిరితిత్తి కణాల మీద మాత్రం టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైమ్ ఉంటుంది. దాని సాయంతో వైరస్ పైపొర దగ్గరే దూరిపోతుంది. పెరటి తలుపుకి తాళం వేసి, వీధి తలుపు బార్లా తెరిచినట్టన్నమాట! అదే ఏడాది మనిషి ఊపిరితిత్తి కణాల్లో పరీక్షిస్తే మందు పనిచేయలేదు. బ్రిటన్‌లో వేలమంది రోగులతో జరిగిన రికవరీ ట్రయల్‌లోనూ ప్రాణాలు నిలిపినట్టు కనబడలేదు. ఈలోగా, ఆ మందు నిజంగా అవసరమైన లూపస్, కీళ్లవాతం రోగులు దానికోసం షాపుల చుట్టూ తిరగాల్సొచ్చింది.

అందుకే నేననేది, ఊపిరితిత్తి ప్రశ్న ఊపిరితిత్తినే అడగాలి. దానికి దారులున్నాయి. రంధ్రాలున్న పల్చటి పొర మీద మనిషి శ్వాసనాళపు కణాలు వేసి, కింద పోషకద్రవం, పైన గాలి ఉంచితే కొన్ని వారాల్లో శ్లేష్మం ఊరుతుంది, సన్నటి కేశాలు ఊగుతాయి. 2010లో హార్వర్డ్ వీస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వ్యాక్యూమ్‌తో సాగుతూ ‘ఊపిరి పీల్చే’ చిప్ చేసి చూపించారు. మన హైదరాబాద్ సీసీఎంబీ కూడా 2020లో బెంగళూరు ఐస్టెమ్‌తో కలిసి మనిషి ఊపిరితిత్తి కణాల మీద కరోనా పరిశోధన మొదలుపెట్టింది.

వీటితో అన్నీ తేలిపోవు. చాలా మోడళ్లలో పూర్తి రోగనిరోధక వ్యవస్థ ఉండదు. ఖర్చెక్కువ. రోగుల మీద ట్రయల్ తప్పదు. కానీ ఆ ట్రయల్‌కి ఏ మందు పంపాలో ముందే వడగట్టొచ్చు కదా.

పొర, ప్రవాహం, ఒత్తిడి, సెన్సార్... ఇదంతా మన సిలబస్సే. బయాలజీ వాళ్ల పని అని వదిలేయకండి. ఇకమీదట ‘ల్యాబ్‌లో వైరస్‌ని చంపిన మందు’ అని ఫార్వర్డ్ వస్తే, పంపినవాళ్లని ఒక్కటే అడగండి: ఏ కణంలో?