వీధి వైపు తెరిచిన తలుపు

1982 నవంబరులో న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లోని ఫన్ గ్యాలరీ అనే చిన్న గదిలో జాన్ మిషెల్ బాస్కియా బొమ్మల ప్రదర్శన జరిగింది. ఆ కుర్రాడికి ఇంకా ఇరవై రెండేళ్లు నిండలేదు. ఆ ఏడాది మార్చిలోనే సోహోలో అనీనా నోసే గ్యాలరీ అతని బొమ్మలు పెట్టింది. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో గగోసియన్, ఆపైన జూరిక్‌లో బిషోఫ్‌బెర్గర్. జర్మనీలోని కాసెల్ పట్నంలో జరిగిన ఏడో ‘డాక్యుమెంటా’ కళా ప్రదర్శనలో పాల్గొన్న చిత్రకారులందరిలోకీ చిన్నవాడు అతనే. ఇంత గిరాకీ ఉన్నవాడికి పేదల పేటలో అద్దె గదితో ఏం పని?

వీధి చిత్రకారుడు సొంతంగా ప్రదర్శన పెట్టాడనగానే, గోడ మీది కళ గదిలోకి వస్తే ప్రాణం పోదా అని అడుగుతారు. నలభై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఆ గది ఎలాంటిది, దాని తలుపు ఎవరి కోసం తెరుచుకుంటుంది అన్నదే ముఖ్యం అనిపిస్తుంది. ఫన్ గ్యాలరీ కథ చెప్పేది అదే.

బాస్కియా బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రిది హైతీ, తల్లిది ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబం. ఏడేళ్లప్పుడు కారు గుద్ది ఆసుపత్రిలో పడుకుంటే తల్లి ‘గ్రేస్ అనాటమీ’ అనే శరీర నిర్మాణ శాస్త్ర పుస్తకం తెచ్చి చేతికిచ్చింది. తర్వాత అతని బొమ్మల్లో కనిపించే పుర్రెలు, పక్కటెముకలు, అవయవాల పేర్లు చాలావరకు అక్కడివే. 1978 ప్రాంతంలో అల్ డయాజ్ అనే స్నేహితుడితో కలిసి ‘సేమో’ అనే మారుపేరుతో దక్షిణ మన్‌హటన్ గోడల మీద స్ప్రే డబ్బాతో రాసేవాడు. బొమ్మలు కావు, వాక్యాలు. మతం మీద, నౌకరీల మీద, కళ పేరుతో నడిచే వేషాల మీద విసుర్లు. గ్యాలరీలున్న సోహో వీధుల్లోనే ఎక్కువగా రాశాడు. అంటే మొదటి నుంచీ ఆ గదుల్లోని వాళ్లకు వినబడేలాగే మాట్లాడాడన్నమాట. వీధిలో అమాయకంగా ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎవరో లోపలికి లాక్కుపోయారనే కథలో నిజం లేదు.

లోపలికి వెళ్లాక ఎదురైన కథ వేరు. అనీనా నోసే తన గ్యాలరీ కింది నేలమాళిగలో అతనికి పనిచేసుకునే చోటిచ్చింది. దాంతో ఒక నల్లకుర్రాణ్ణి నేలమాళిగలో పెట్టి బొమ్మలు వేయిస్తున్నారంటూ పుకార్లు లేచాయి. ఆ మాట వింటే అతనికి ఒళ్లు మండేది. అదే తెల్లవాడైతే ‘ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్’ అని గౌరవంగా అనేవాళ్లు కదా అని ఒక ముఖాముఖిలో సూటిగానే చెప్పాడు. బొమ్మను కొనేవాళ్లు ఉన్నారు, పొగిడేవాళ్లు ఉన్నారు. వేసినవాణ్ణి మాత్రం ఒక వింతగా చూశారు. వీధి నుంచి వచ్చిన కళాకారుడికి పెద్ద గదుల్లో జరిగే అవమానం ఇదే అని నేననుకుంటాను. మన దగ్గర కూడా జానపద కళాకారుణ్ణి వేదిక ఎక్కించి, శాలువా కప్పి, పేరు తప్పు చదివి దింపేసే సభలు ఎన్ని లేవు!

ఫన్ గ్యాలరీ అలాంటి చోటు కాదు. దాన్ని ప్యాటీ ఆస్టర్ అనే నటి, బిల్ స్టెలింగ్ కలిసి 1981లో మొదలుపెట్టారు. హిప్‌హాప్ పాటనూ, గ్రాఫిటీనీ తెర మీద చూపిన ‘వైల్డ్ స్టైల్’ సినిమాలో విలేఖరిగా నటించింది ఈమే. గ్యాలరీకి సొంత పేరు పెట్టలేదు. ఎవరి ప్రదర్శన నడుస్తుంటే వాళ్లే ఆ నెలకు పేరు పెట్టాలనుకున్నారు. చిత్రకారుడు కెన్నీ షార్ఫ్ ‘ఫన్’ అన్నాడు, చివరికి అదే ఖాయమైంది. రైలు పెట్టెల మీద రాత్రిపూట రంగులు వేసిన ఫ్యూచురా 2000, డోండీ లాంటివాళ్ల ప్రదర్శనలు ఇక్కడ జరిగాయి. 1983 ఫిబ్రవరిలో కీత్ హేరింగ్ బొమ్మలు పెట్టాడు. ప్రారంభం రోజున గది చాలక జనం కాలిబాట మీదికి పొంగేవాళ్లు. బ్రాంక్స్ నుంచి వచ్చిన కుర్రాళ్లూ, డబ్బున్న సేకర్తలూ ఒకే బొమ్మ ముందు భుజాలు రాసుకుని నిలబడాల్సి వచ్చేది. లోపలికి రావాలంటే ఎలాంటి బట్టలు వేసుకోవాలో, ఏం మాట్లాడాలో తెలిసి ఉండనక్కర్లేదు.

ఆ గదిలో బాస్కియా పెట్టిన బొమ్మలు ఎలా ఉన్నాయో చూడండి. కాన్వాసును సాపుగా బిగించి అంచులు లోపలికి మడిచే పద్ధతి అతను వదిలేశాడు. సహాయకుడు స్టీఫెన్ టోర్టన్ దొరికిన చెక్కముక్కలతో చట్రాలు కట్టాడు. మూలల్లో కర్రలు బయటికి పొడుచుకొస్తాయి. గుడ్డ అంచులు ముడతలు పడి, తాళ్లతో కట్టిన చోట్లు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. ఆ చట్రం మీద నూనె రంగు కడ్డీతో గీసిన తలలు, మూడు మొనల కిరీటాలు, రాసి కొట్టేసిన మాటలు. కొట్టేస్తే జనం ఆ మాటను ఇంకా శ్రద్ధగా చదువుతారని అతనే చెప్పాడు. వీధి గోడ మీద రాసినదానిపై సున్నం కొట్టినా కింద అక్షరం లీలగా కనబడుతుంటుంది. ఆ అనుభవాన్నే గుడ్డ మీదికి తెచ్చాడు. పెద్ద గ్యాలరీ గోడల మీద ఈ చట్రాలు ఎబ్బెట్టుగా ఉండేవేమో, ఫన్‌లో మాత్రం అమరిపోయాయి. బాస్కియా ప్రదర్శనల్లో ఇదే మేలైనదని అప్పుడే రాసినవాళ్లున్నారు.

ఈ చిన్న గదుల వల్ల నష్టమేమీ జరగలేదని మాత్రం అనను. ఫన్ వెంట ఈస్ట్ విలేజ్‌లో పదులకొద్దీ గ్యాలరీలు లేచాయి, పేటకు కొత్త మోజు వచ్చింది, అద్దెలు పెరిగాయి. కళే పేదవాళ్లను ఖాళీ చేయిస్తోందని రోజలిన్ డాయిష్, కారా గెండెల్ రయన్ 1984లో ‘అక్టోబర్’ అనే కళా పత్రికలో గట్టిగా రాశారు. కాదనలేని మాట. ఫన్ కూడా 1985లో మూతపడింది.

గదిలో కిరీటం పెట్టుకున్నవాడికి బయట రక్షణ దొరకలేదన్నది ఇంకా బాధాకరం. 1983 సెప్టెంబరులో మైకేల్ స్టీవర్ట్ అనే నల్లజాతి యువ చిత్రకారుణ్ణి సబ్‌వే స్టేషన్ గోడ మీద రాశాడంటూ పోలీసులు పట్టుకున్నారు. వాళ్ల చేతుల్లో స్పృహ తప్పిన అతను పదమూడు రోజుల తర్వాత చనిపోయాడు. విచారణ ఎదుర్కొన్న పోలీసు అధికారులు 1985లో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ స్థానంలో నేనే ఉండేవాణ్ణి అని బాస్కియా వణికిపోయాడు. కీత్ హేరింగ్ స్టూడియోకు వెళ్లి, అక్కడి గోడ మీదే ఆ మరణాన్ని చిత్రించాడు. తర్వాత హేరింగ్ ఆ గోడ ముక్కను కోయించి, చట్రం కట్టించి, చనిపోయేదాకా తన మంచం పైన ఉంచుకున్నాడు.

బాస్కియా 1988లో ఇరవై ఏడేళ్లకే, మత్తుమందు వల్ల పోయాడు. 1982లో వేసిన ఒక పుర్రె బొమ్మ 1984లో వేలంలో 19,000 డాలర్లు పలికింది. అదే బొమ్మ 2017లో సదబీస్ వేలంలో 11 కోట్ల 5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఫన్ గ్యాలరీ గుమ్మంలో నిలబడిన కుర్రాళ్లు అతని బొమ్మలను ఏ టిక్కెట్టూ లేకుండా చూశారు.

ఇదంతా ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, మన ఊళ్లలోనూ గోడల మీద పుట్టిన చేతులున్నాయి. చిన్న ఫొటో మీద గళ్లు గీసి దాన్ని నలభై అడుగుల గుడ్డ మీదికి పెంచి హీరో ముఖంలో నవ్వు తెప్పించిన సినిమా బ్యానర్ ఆర్టిస్టులు, నిచ్చెన మీద నిలబడి ఒక్క గీటు వంకర పోకుండా నినాదాలు రాసిన గోడరాతల వాళ్లు. ఫ్లెక్సీలు వచ్చాక చాలామంది కుంచె పక్కన పెట్టి వేరే పనులు చూసుకున్నారు. 2016లో హైదరాబాద్ మక్తాలో స్టార్ట్ ఇండియా సంస్థ ఇళ్ల గోడలకు బొమ్మలు వేయించినప్పుడు బస్తీ జనం ఎంత ఇష్టంగా చూశారో తెలిసిందే. ఆ ఇష్టం ఈ పాతతరం వాళ్ల దాకా రావాలి. వాళ్లలో ఎంతమందికి సొంత పేరుతో ఒక్క ప్రదర్శనైనా జరిగింది?

పెద్ద గ్యాలరీలు అవసరం లేదు. గ్రంథాలయంలో ఒక హాలు, బడిలో సెలవుల్లో ఖాళీగా ఉన్న గది, బజారు వైపు తలుపున్న ఒక కొట్టు చాలు. ఒక్క ఆర్టిస్టును పిలవండి. ఏవి పెట్టాలో, ఎలా పెట్టాలో, ఎంత ధర చెప్పాలో అతన్నే తేల్చనివ్వండి. బోర్డు మీద అతని పేరు పెద్దగా, తప్పుల్లేకుండా రాయండి. అలాంటి ప్రదర్శన ఏ ఊళ్లో పెట్టినా మాకు ఒక్క ఉత్తరం ముక్క రాయండి, వచ్చే సంచికలో దాని గురించి వివరంగా రాస్తాం.