వేడుక తుపాకి

తుపాకి ఆటవస్తువు కాదు. ఇంత తెలిసిన మాటను చెప్పుటకు సంపాదకీయ మెందులకని పాఠకులు అడుగవచ్చును. కాని నేడు తుపాకి కాల్చుటయే సెలవుదినముల వేడుకగా లోకమున అమ్మబడుచున్నది. మన జిల్లాల వారును దానిని కొనుచున్నారు. అమెరికాలోని బిడ్డలను చూడబోవు తలిదండ్రులు, ఉద్యోగస్థులు, వర్తకులు, ఫలసాయము చేతికందిన రైతులు దేశాంతర యాత్రలు చేయుట కృష్ణా మండలమున ఇపుడు వింత కాదు. అది సంతోషింపదగినదే. అయితే ఆ యాత్రలలో కోటలతోను, కొండలతోను, దేవాలయములతోను పాటు తుపాకి మైదానమును గూడ చూపు ఆచారము కొన్ని దేశములలో ప్రబలినది. రుసుము చెల్లించిన వాని చేతికి యుద్ధపు తుపాకి నిచ్చి, పది తూటాలు కాల్పించి, ఛాయాచిత్రము తీసి పంపుదురు. ఇందలి గుణదోషములు ఎట్టివి? ఇట్టి వేడుక మన గడ్డకును రావలయునా? ఈ విషయమును నిదానముగ విచారింపవలసియున్నది.

మొదట మన చరిత్రను స్మరింతము. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున ఆయుధముల చట్టము పుట్టెను. దొరలకు లేని నిర్బంధము దేశీయులకు కలిగెను. ఒక జాతినంతటిని నిరాయుధము చేసిన ఆ శాసనము ఆంగ్లేయుల దుష్కృత్యములలో కడు నల్లనిదని గాంధీ మహాత్ముడు భావించెను. అహింసావ్రతుడు ఇట్లు తలచుట విరుద్ధముగ తోచవచ్చును. విరోధ మేమియు లేదు. ఆయుధమును పట్టగలిగియు పట్టకుండుట నిగ్రహము. పట్టుటకే వీలులేక యుండుట దాస్యము. 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా మూడు దినములు దాడిచేసి తుపాకులను గొనిపోయెను. ఆ విప్లవకారుడు సయితము తాను తీసికొన్న ఆయుధముల లెక్కను ఠాణా పుస్తకమున వ్రాసి మరీ వెడలెను. అతని చేతిలో తుపాకికి ఒక కారణము, ఒక లెక్క, ఒక బాధ్యత కలవు. స్వతంత్ర భారతము 1959లో పాత చట్టమును త్రోసి కొత్త చట్టము చేసినపుడును ఆ బాధ్యతను వదలలేదు. 21 సంవత్సరములు నిండనివారు ఆయుధము కలిగియుండుట సామాన్యముగ నేటికిని నిషిద్ధమే. శిక్షణకు మాత్రమే నియమములతో కూడిన మినహాయింపులు గలవు.

ఇక దేశాంతరముల వేడుకను చూతము. వియత్నాము దేశమున సైగాను నగరమునకు వాయవ్యముగ కూచీ అను చోటు కలదు. అచటి ప్రజలు ఫ్రెంచివారితోను, పిదప అమెరికనులతోను పోరాడుచు భూగర్భమున రెండువందల కిలోమీటర్లకు మించి సొరంగములు త్రవ్విరి. వంటయిండ్లు, వైద్యశాలలు, ఆయుధశాలలు ఆ చీకటిలోనే నడచెను. ఎందరో అందే సమాధి యయిరి. 1975 ఏప్రిల్ 30న సైగాను పతనముతో ఆ యుద్ధము ముగిసెను. నేడు ఆ సొరంగముల ప్రక్కనే కాల్పుల మైదానము వెలసినది. నాడు ఇరుపక్షముల వారు పట్టిన ఏకే-47, ఎం-16 తుపాకులను తూటాల లెక్కన యాత్రికులకు అద్దెకిచ్చుచున్నారు. దుఃఖపడిన దేశము కూడు సంపాదించుకొను మార్గమును మేము ఎగతాళి చేయము. కాని సొరంగమున వంగి నడచి, ఆ ప్రజల సహనమునకు చేతులు జోడించి వెలికి వచ్చిన యాత్రికుడు మరుక్షణమే నవ్వుచు తుపాకి పేల్చిన యెడల, అతడు లోపల నేర్చిన దేమి? ఆ మ్రోత ఒకనాడు ఆ పల్లెలకు మృత్యుఘంట కాదా?

కుతూహలము సహజము, శిక్షకుడు ప్రక్కనే యుండును, ప్రమాదము అరుదు అని కొందరందురు. అరుదను మాట నిజమే. అయినను 2014 ఆగష్టులో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున జరిగిన దానిని మరువరాదు. సెలవులకు వచ్చిన యొక కుటుంబములోని తొమ్మిదేండ్ల బాలిక చేతికి ఉజీ అను యంత్రపు తుపాకి నిచ్చిరి. అది ఎడతెగక పేలునట్లు అమర్చగనే, దాని అదటునకు పసిచేయి నిలువక తుపాకి మీదికెగసెను. ప్రక్కన నిలిచిన శిక్షకుడే ప్రాణము కోల్పోయెను. అచట శిక్షకుడు లేక కాదు, తలిదండ్రులు దూరమున నుండియు కాదు. వేడుకకు వచ్చినవారికి కాదను మాట చెప్పువారు లేకపోవుటయే ఆ విపత్తునకు మూలము. వెల చెల్లించిన వానిని సంతోషపెట్టుట వర్తకుని ధర్మము; అర్హత లేనివానిని ఆపుట గురువు ధర్మము. ఈ రెండు ధర్మములు ఒక్కచోట ఇమిడియుండుట కష్టము.

ఈ వివేకము మనకు పరాయిది కాదు. మన విజయవాడకు విజయుడైన అర్జునుని పేరే వచ్చెనని, అతడు ఇంద్రకీలాద్రిపై తపమాచరించి పాశుపతము పడసెనని స్థలపురాణము చెప్పుచున్నది. భారతమున అరణ్యపర్వములో ఒక ఘట్టము కలదు. దివ్యాస్త్రములతో స్వర్గమునుండి తిరిగివచ్చిన తమ్ముని ధర్మరాజు ఆ యస్త్రములను ఒక్కమారు చూపుమని కోరెను. కోరినవాడు ధర్మరాజు, కోర్కె నిర్దోషము. అర్జునుడు ప్రదర్శింపబూనగనే భూమి కంపించెను, నదులు కలగెను, గాలి స్తంభించెను. అంతట నారదుడు వచ్చి, తగిన లక్ష్యము లేక అస్త్రమును ప్రయోగింపరాదని వారించెను. అర్జునునంతటి వానికే చూచువారి సంతోషము కొరకు అస్త్రము తీయుట తగదయ్యెను. మనబోటివారి మాట చెప్పనేల?

కావున తుపాకియే తగదని మేమనుట లేదు. గురి విద్య వేరు, వేడుక వేరు. పందెపు కాల్పులలో గాలి రైఫిలుతో పది మీటర్ల దూరమునుండి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును కొట్టుదురు. పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. ఊపిరిని బిగబట్టి, మనసును నిలిపి, ఏండ్ల తరబడి సాధించిన గాని ఆ చుక్క దొరకదు. హైదరాబాదు వాడైన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సున కాంస్యము గెలుచుట అట్టి తపఃఫలమే. ఆ నగరపు ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలయందు నాలుగు పతకములు తెచ్చెను. ఆ క్రీడలయందే మన విజయవాడ ఆడబిడ్డ జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణములు గెలిచెను. పది తూటాలు కొనినవాడు మ్రోతను ఇంటికి తెచ్చుకొనును. పదివేల గుండ్లు సాధన చేసినవాడు నిగ్రహమును తెచ్చుకొనును.

దూరదేశముల మాట అటుండనిండు. మన తిరునాళ్లలోనే ఈ వేడుక చిన్న రూపమున కలదు. గుణదల కొండపై 1924లో మేరీమాత విగ్రహము ప్రతిష్ఠింపబడినది మొదలు ఆ క్షేత్రము వృద్ధి చెందినది. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అన్ని మతముల వారును అచటికి వచ్చుచుందురు. ఇట్టి జనసమ్మర్దము గల తిరునాళ్ల బజారులలో రంగు బుడగల బల్ల, దాని ఎదుట గాలి తుపాకి, చుట్టును పిల్లలు కానవచ్చుట ఆంధ్రదేశమంతటను సామాన్యము. 20 జౌళ్ల శక్తిని, 4.5 మిల్లీమీటర్ల వ్యాసమును మించని గాలి తుపాకికి 2016 నిబంధనల ప్రకారము లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు అక్కరలేదన్నంత మాత్రమున అపాయము లేదని యర్థము కాదు. గట్టి పలకకు తగిలి వెనుకకు మరలిన గుండు కంటిలో పడిన చూపు పోవును. ఆ బల్ల పెట్టుకొని పొట్టపోసికొను పేదవానిని తరిమివేయుమని మేము కోరము. బుడగల వెనుక గుండును మ్రింగు మెత్తని అడ్డు, ఇరువైపుల తెరలు, తుపాకి మూతి జనమువైపు తిరుగకుండ గొలుసు, కాల్చువానికి కంటి అద్దములు, పసివాని ప్రక్క పెద్దవాడు: ఈ ఐదును చూచిన పిమ్మటనే పురపాలకులును పోలీసువారును స్థలము నీయవలెను. వీనికగు వ్యయము స్వల్పము. ఒక కంటికి వెల కట్టగలవారెవరు?

యుద్ధపు తుపాకులతో విహారపు మైదానములు పెట్ట దలచువారు ఎవరైన ముందుకు వచ్చినచో, ప్రభుత్వము వారికి స్థలము నీయరాదు. ఆ స్థలమును, ఆ ధనమును జిల్లాకొక గురి పాఠశాలకు వినియోగింపవలెను. రైతుబిడ్డయు కూలిబిడ్డయు అచట సమానముగ నేర్చుకొనవలెను. యాత్రకు పోవు మిత్రులకు మా మనవి యొక్కటియే. అద్దె తుపాకిని మీ బిడ్డల చేతికీయకుడు. నారదుడు అర్జునునకు చెప్పిన మాట వారికి చెప్పుడు. ఆయుధమును పట్టు హక్కును పోగొట్టుకొని ఏడ్చిన జాతి మనది; దానిని ఎప్పుడు క్రింద పెట్టవలయునో యెరుగుటయే ఆ హక్కునకు అలంకారము.