గ్రాఫ్ మీద నెమలి, మగ్గం మీద నెమలి

పట్టుచీరకు డిజైన్ గీసే కొత్తవాళ్లు మొదట పొరబడేది గళ్ల దగ్గరే. అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అన్న లెక్క చూసుకోకుండా చదరపు గళ్ల కాగితం మీద నెమలిని గీస్తే, చీర మీదికి వచ్చేసరికి అది సాగిపోతుంది, లేదంటే పొట్టిదైపోతుంది. కాగితం మీద ముచ్చటగా ఉన్న పొడవాటి జరీ తోకకు మధ్యమధ్య పడుగు పోగుల కట్టు పడకపోతే, ఆ జరీ వదులుగా వేలాడి గాజులకు తగులుకుంటుంది. గ్రాఫ్‌లో ఒక్కో వరుసకు, పడుగు పోగుల్ని ఎత్తే జాకార్డ్ పరికరంలో ఒక్కో చిల్లుల అట్ట కావాలి కనుక, డిజైన్ వంద వరుసలు పెరిగితే వంద అట్టలు అదనంగా కొట్టించాలి. ఇవన్నీ తరగతిలో చెప్పే పాఠాలే. కానీ తప్పు గీసి, ఆ తప్పును గుడ్డ మీద చూసి, మళ్లీ గీస్తేనే అవి చేతికి వస్తాయి. డిజైన్ చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఉన్న దూరమంతా ఆ రెండోసారి గీయడంలోనే ఉందని నా వాదన.

అహ్మదాబాద్‌లో 1961లో జాతీయ డిజైన్ సంస్థ (ఎన్‌ఐడీ) ఏర్పడటానికి దారితీసిన, అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతుల 1958 నివేదిక, మంచి డిజైన్‌కు ఉదాహరణగా చూపింది మన చెంబును. తరతరాల వాడకంలో దిద్దుకుంటూ వచ్చిన రూపం అది. హైదరాబాద్‌లో ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ 1995లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఐడీ 2015లో మొదలైంది. చేతివృత్తుల ఊళ్లకు వెళ్లి అధ్యయనం చేయడం ఇలాంటి చదువుల్లో భాగమే. అయితే కొద్ది వారాలు చూసి నివేదిక రాయడం వేరు, తాను గీసింది నేయించి, అమ్ముడుపోయేదాకా వెంట ఉండటం వేరు. అందుకు పట్టుచీరలు నేసే సోమందేపల్లె లాంటి చోటు కావాలి. పక్కనే ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, కానీ వాటి రూపం గీసేది ఎక్కడో కొరియాలో. చీర అలా కాదు. గీసినవాళ్లు మగ్గం గుంట పక్కనే కూర్చుని, పొరపాటు ఏ పోగు దగ్గర జరిగిందో అప్పటికప్పుడు చూడొచ్చు.

కళాశాల ఊహను పెంచాలి గానీ పనిముట్లకు కట్టేయకూడదని కొందరంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ పోగుల లెక్క ఊహకు అడ్డం కాదు. లేపాక్షి ఆలయం కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో మనుషులు కట్టుకున్న బట్టలు చూడండి, ఎన్ని రకాల అంచులో! కుంచె స్వేచ్ఛగా తిప్పిన ఆ అంచుల్లోని తీగను మెట్లుమెట్లుగా గళ్లలోకి దించి, వంపు చెడకుండా నిలబెట్టడానికి ఎంత ఊహ కావాలి! కంప్యూటర్ ఉందిగా అంటారు ఇంకొందరు. వదులు పోగుల్ని అది పట్టిచ్చే మాట నిజమే. కానీ ఒక డిజైన్‌తో నేత ఎన్ని రోజులు సాగుతుందో, ఆ కూలి గిట్టుబాటవుతుందో లేదో నేతగాణ్ణి అడిగితేనే తెలుస్తుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం నేతన్న వైపు నుంచి రావాలి. చీరకింత అని కూలి తీసుకునే మనిషి, విద్యార్థి కోసం మగ్గం ఆపితే ఆ పూట సంపాదన పోయినట్టే. కాబట్టి ఆ పూటకు పాఠం చెప్పినందుకు డబ్బివ్వాలి, అది కళాశాల బడ్జెట్‌లోనే ఉండాలి. పట్టా పొందినవారికి ఏడాది అప్రెంటిస్‌గా భృతి ఇవ్వడానికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉండనే ఉంది. 2014 సవరణతో ఇంజినీరింగేతర పట్టభద్రులకూ అది వర్తిస్తోంది. ఇక కళాశాలకూ మగ్గానికీ మధ్య దారి రెండు వైపుల నుంచీ వేయాలి. పడుగు, పేకల లెక్క చిన్నప్పుడే వంటబట్టిన నేత ఇంటి పిల్ల డిజైన్ కళాశాలకు వెళ్లాలనుకుంటే, ప్రవేశ పరీక్ష ఆమె తెలుగులో రాయగలగాలి.