కులం చూడమంటారు, నిజమేనా?

షాద్‌నగర్ శాసనసభ స్థానం 2004 ఎన్నికల వరకు ఎస్సీ రిజర్వుడు. 2009 నుంచి జనరల్. జనరల్ స్థానాల్లో దళితులకు టికెట్ నిరాకరించే పార్టీలు ఓటర్లు ఒప్పుకోరంటాయి. ఓటర్లేమో కులం చూడమంటారు. ఎవరి మాట నిజం? 2024 కులసర్వే ఎవరెంతమందో లెక్కించింది, దీన్ని తేల్చలేదు.

నేను ప్రతిపాదించే ప్రయోగానికి రెండు దశలూ చూసిన షాద్‌నగరే తగిన చోటు. ఒకే చదువు, ఒకే సేవాచరిత్ర గల అభ్యర్థి వివరాలను రెండు పత్రాలపై రాసి, కులం మాత్రమే మార్చాలి. చీటీలు తీసి ఒక్కో ఓటరుకు ఒక్క పత్రమే చూపాలి. జవాబును నలుగురి ముందు అడగక, మూసిన పెట్టెలో వేయించాలి. థోరట్, అటివెల్ దరఖాస్తులపై ఇంటిపేర్లు మార్చి ఉద్యోగాల్లో వివక్షను 2007లో ఇలాగే బయటపెట్టారు.

మద్దతులో తేడా ఉంటే రిజర్వేషన్ల అవసరం రుజువైనట్టే. లేకుంటే దోషి ఓటరు కాదు, టికెట్ ఇవ్వని పార్టీ.