పురుషార్థాలు నిచ్చెనమెట్లు కావు

శ్రీ గురుభ్యో నమః

ఇటీవలి ఆధ్యాత్మికోపన్యాసాలలో ఒక సమీకరణం తరచుగా వినవస్తున్నది. అమెరికా మనోవైజ్ఞానికుడు అబ్రహాం మాస్లో చెప్పిన అవసరాల అనుక్రమణిక, మన చతుర్విధ పురుషార్థాలు ఒకటేనట. ఆహారమూ భద్రతా అర్థమట, ప్రేమానుబంధాలు కామమట, గౌరవం ధర్మమట, శిఖరాన ఉన్న ఆత్మప్రస్తావన మోక్షమట. పాశ్చాత్యుడు 1943లో చెప్పినది మన ఋషులు ఏనాడో చెప్పారని సభ కరతాళధ్వనులు చేస్తుంది. ఈ పొగడ్త శాస్త్రానికి గౌరవం కాదు, అపచారం.

ఖండనకు ముందు పూర్వపక్షాన్ని యథాతథంగా గ్రహించడం మర్యాద. తీరని అవసరమే మనిషిని నడుపుతుందనీ, క్రింది అవసరం చాలవరకు తీరితే పైది తలయెత్తుతుందనీ మాస్లో అన్నాడు. ఈ క్రమం అందరిలోనూ ఒకే తీరున ఉండదని ఆయనే అంగీకరించాడు. నేడు శిక్షణ తరగతులలో చూపే త్రికోణాన్ని గీచినది ఆయన కాదు, తరువాతివారు. కనుక దోషం మాస్లోది కాదు. ఆ త్రికోణానికి కాషాయం కట్టినవారిది.

పురుషార్థాలను లెక్కించేటప్పుడు ధర్మం మొదట వస్తుంది. అర్థకామాలు తీరిన తరువాత ఎక్కవలసిన మూడవ మెట్టుగా శాస్త్రం దానిని ఎన్నడూ చెప్పలేదు. ధర్మం ఏటికి గట్టు వంటిది. నీరు నిండిన తరువాత గట్టు వేస్తామనేవాడు రైతు కాడు. ధర్మానికి విరుద్ధం కాని కామం తానేనని గీతలో భగవానుడు చెప్పడంలోని భావమిదే. కోరికను ఆయన నిషేధించలేదు. దానికి గట్టును విధించాడు.

ఈ భేదానికి నిదర్శనం కోసం పురాణాల వరకు పోనక్కరలేదు. హైదరాబాదు ఉత్తరపు అంచున బహదూర్‌పల్లి ఉన్నది. నేడు అక్కడ టెక్ మహీంద్రా ప్రాంగణం, మహీంద్రా విశ్వవిద్యాలయం ఉన్న చోట ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్ సాంకేతిక కేంద్రం ఉండేది. 1987లో స్థాపితమైన ఆ సంస్థ అధిపతి రామలింగరాజుకు త్రికోణంలోని ఏ మెట్టు కొరత? ధనం, కుటుంబం, దేశవిదేశాల గౌరవం, అన్నీ ఉన్నాయి. గ్రామసేవకు ఫౌండేషన్ ఉన్నది. 2005లో ఆరంభమైన 108 అంబులెన్సు సేవ వెనుక ఆయన కృషి ఉన్నది. అది ప్రాణాలు నిలిపిన సత్కార్యమని ఒప్పుకోవలసిందే. అయినా 2009 జనవరి 7న, లెక్కలలో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేదని ఆయనే లేఖ వ్రాశారు. మొదట స్వల్పంగా ఉన్న అంతరం ఏటేటా పెరిగిందని కూడా అందులో ఉన్నది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఏడేళ్ల శిక్ష విధించింది. దానిపై అప్పీలు దాఖలైంది.

ఒక వ్యక్తి అంతరంగాన్ని తూచడం ఇక్కడి ఉద్దేశం కాదు. క్రింది మెట్లు నిండితే పైమెట్టు తనంత తాను అందుతుందన్న నమ్మకం నిలిచేది కాదనడానికే ఈ ప్రస్తావన. భారతంలో యయాతి కొడుకు యౌవనాన్ని అరువు తీసుకొని వేయేండ్లు భోగించిన పిదప తెలుసుకున్నదీ ఇదే: నెయ్యి పోస్తే నిప్పు ఆరదు. పాపం చేయించే ప్రేరణ ఏదని గీత మూడవ అధ్యాయంలో అర్జునుడు అడిగితే, భగవానుడు కామక్రోధాలను చూపాడు కాని, లేమిని చూపలేదు.

దీనికి విపర్యయమూ ఉన్నది. భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడు నలభై ఎనిమిది దినాలు పస్తులుండి, దొరికిన అన్నాన్నీ చివరి నీటినీ అతిథులకు ఇచ్చివేశాడు. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్నకు భద్రత అనే మెట్టే లేదు. కీర్తన మాత్రం ఆగలేదు. త్రికోణం వీరిని మినహాయింపులు అంటుంది. మన సంప్రదాయం ఆదర్శాలు అంటుంది.

“ఆకలిగొన్నవానికి వేదాంతమా?” అని ఆక్షేపించవచ్చు. తైత్తిరీయోపనిషత్తులో భృగువు మొదట బ్రహ్మమని ఎరిగినది అన్నాన్నే. అన్నాన్ని నిందింపరాదన్నది అక్కడ వ్రతం. శాస్త్రం ఆకలిని చులకన చేయలేదు. అయితే త్రికోణం ఆకలిగొన్నవానితో “ముందు నీవు తిను” అంటుంది. ధర్మం కడుపు నిండినవానితో “ముందు వానికి పెట్టు” అంటుంది. ఆకలి తీరే మార్గం ఈ రెండవ మాటలోనే ఉన్నది.

ఇక శిఖరం మాట. మాస్లో చెప్పిన ఆత్మప్రస్తావన వ్యక్తిలోని శక్తిసామర్థ్యాల వికాసం: చిత్రకారుడు చిత్రించాలి, గాయకుడు పాడాలి. అది మంచిదే. కాని అక్కడ వికసించేది అహంకారాశ్రితమైన వ్యక్తిత్వం. వేదాంతం చెప్పే ఆత్మ నిత్యపూర్ణం. దానిని సాధించనక్కరలేదు, అజ్ఞానావరణం తొలగితే చాలు. రెంటినీ ‘ఆత్మసాక్షాత్కారం’ అనే ఒకే మాటతో కట్టివేయడం శబ్దసామ్యం తెచ్చిన భ్రాంతి.

ఈ భ్రాంతికి మూల్యం చెల్లించేది యువతరం. బహదూర్‌పల్లి పరిసరాల అపార్టుమెంట్లలో ఇంటి ఋణం కడుతున్న ఉద్యోగికి ఉపన్యాసకుడు త్రికోణం చూపితే, అతడు గ్రహించేది ఒక్కటే: “ఋణం తీరనీ, పదోన్నతి రానీ, పిల్లలు స్థిరపడనీ, ధర్మం, జపం ఆ పిమ్మట.” ఆ పిమ్మట అనేది రాదు. ఋణం తీరేలోపు ఆశ మరొక అంతస్తు కడుతుంది.

అతనికి చెప్పవలసినది వేరు. నేటి జీతంలోనే దానం ఉన్నది, నేటి లెక్కలోనే సత్యం ఉన్నది, నేటి సంధ్యలోనే ఈశ్వరుడు ఉన్నాడు. మొదటి మెట్టు మీద లేని ధర్మం చివరి మెట్టు మీద దొరకదు.

ఓం తత్ సత్