పాట మనది, పైకం ఎవరిది?

పని మీద హైదరాబాదుకు వచ్చినప్పుడు, వీలు చూసుకుని నారాయణగూడలో దిగండి. అక్కడి నుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ చౌరస్తా దాకా నడవండి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. చౌరస్తాలో సినిమా హాళ్లున్నాయి. ఆ హాళ్లలో జనం చేత ఈలలు వేయించిన పాటల్లో చాలావాటి వేరు మన మడికట్లలో, కల్లాల్లో ఉంది. నాట్లేసే అమ్మలు, మోట తోలిన తాతలు, కిన్నెర మీటుతూ ఊరూరా తిరిగేవాళ్లు కట్టిన బాణీలవి. మరి వాటి మీద వచ్చే డబ్బు ఏ దారిన పోతోంది? రైతు సోదరులు, అక్కచెల్లెళ్లు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

పల్లె పాటను పెద్ద చదువుల వాళ్లు లెక్కలోకి తీసుకున్నది ఆలస్యంగానే. వరంగల్ ప్రాంతపు పల్లెలో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేసి 1956లో ఉస్మానియా నుంచి డాక్టరేటు పొందారు. అప్పటికి మోట పాట ఇంకా బతికే ఉంది. కరెంటు మోటారు వచ్చింది, మోట పోయింది, దాంతో పాటా పోయింది. మోటారు వద్దని నేననను. ఎడ్లతో పాటు తానూ ముందుకీ వెనక్కీ తిరిగి నడుం పడిపోయిన రైతుకే తెలుసు ఆ కష్టం. కానీ పాటను ఎవరో ఒకరు రాసి పెట్టుకోవాల్సింది.

పోరాటంలోనూ పాట మన వెంటే నడిచింది. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి కట్టిన పాటలు 1980లో విడుదలైన 'మా భూమి' సినిమాతో మళ్లీ ఊళ్లు చుట్టాయి. యాదగిరి పాటను తెరమీద పాడింది గద్దర్. ఆ తర్వాత ఊళ్ల గోడు చెప్పుకున్న గోరటి వెంకన్న పాట 'కుబుసం' సినిమాలోకి వచ్చింది. అది విని కళ్లు తుడుచుకోని రైతు లేడు.

ఇక దర్శనం మొగులయ్య సంగతి చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి. 12 మెట్ల కిన్నెర వాయిస్తాడు. 'భీమ్లా నాయక్' సినిమా పాటతో ఊరూవాడా తెలిసిపోయాడు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 మే నెలలో ఆయన తుర్కయాంజాల్‌లో కూలి పని చేస్తుండగా జనం చూశారు. నెలనెలా వచ్చే పది వేల భృతి ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. పద్మశ్రీ మెడలో ఉంది, తట్ట నెత్తిన ఉంది!

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలోనూ పల్లె పాట ఉంది, దాన్ని కంట్రీ సంగీతం అంటారు. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్లో రాల్ఫ్ పీర్ అనే ఆయన రికార్డు మిషను పెట్టి, కొండ ప్రాంతాల వాళ్లను పిలిచి, పాటకు 50 డాలర్లిచ్చి పాడించుకున్నాడు. పాటల మీద హక్కులు మాత్రం తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. అక్కడ పాడిన వాళ్లలో కార్టర్ కుటుంబం ఒకటి. ఆ తర్వాత ఇంటిపెద్ద ఎ.పి. కార్టర్ ఊళ్లు తిరిగి పాటలు పోగుచేసేవాడు. ఆయన మాటలు రాసుకుంటే, వెంట తిరిగిన నల్లజాతి గిటారు వాద్యకారుడు లెస్లీ రిడిల్ బాణీలు మనసులో పెట్టుకొచ్చేవాడు. రికార్డుల మీద పేరు కార్టర్‌దే. రిడిల్ పేరు ఎక్కడా లేదు.

అయితే అక్కడి పాటగాళ్లు ఒక మంచి పనీ చేశారు. అప్పులపాలై పొలాలు జప్తవుతున్న రైతుల కోసం 1985 సెప్టెంబర్ 22న విల్లీ నెల్సన్ తదితరులు ఇల్లినాయ్ రాష్ట్రంలో పెద్ద కచేరీ పెట్టి విరాళాలు పోగుచేశారు. ఫార్మ్ ఎయిడ్ అని దానికి పేరు. మన పాటలతో పేరు తెచ్చుకున్న సినిమా వాళ్లు ఒక్కసారి అలాంటిది తలపెడితే ఎంత బాగుండు! అడిగే హక్కు మనకుందనే నా అభిప్రాయం.

చట్టం మరీ గుడ్డిది కాదు. తాతల నాటి పాట ఏ ఒక్కరి సొత్తూ కాదు, నిజమే. కానీ పాడిన గొంతు మీది. 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ హక్కులిచ్చింది. ఇప్పుడు ఆ హక్కు 50 ఏళ్లు నిలుస్తుంది. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీలో వాటా ఉంటుందని 2012 సవరణ చెప్పింది. ఇది పెద్ద గాయకులకే కాదు, మీ ఇంటి అవ్వకూ వర్తిస్తుంది.

కాబట్టి ఎవరైనా సెల్‌ఫోనో కెమెరానో పట్టుకుని మీ ఊరొస్తే పాడొద్దని తరమకండి. మీరెవరు, దేనికి, ఎక్కడ వేస్తారు అని అడగండి. పాడినవాళ్ల పేరు, ఊరు పేరు వేయమనండి. అంతకు ముందే మీ పిల్లల ఫోనులో ఆ పాట రికార్డు చేసి తేదీ రాసి పెట్టుకోండి. సినిమాకని కాగితం చేతికిస్తే తెలుగులో రాయించి, చదివించుకుని, ఒక నకలు మీ దగ్గర ఉంచుకున్నాకే సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టండి.