టికెట్టు నౌకకే, దీవికి కాదు

లక్షద్వీప్ క్రూయిజ్ ప్రకటన ఏది చూసినా బొమ్మ ఒకటే. అడుగు కనిపించే నీలి నీళ్లు, మనిషి జాడ లేని తెల్లటి ఇసుక, వెనకాల మెరిసే ఓడ, ఆ కింద రేటు. మూడూ ఒకే చట్రంలో కనిపించేసరికి మూడింటినీ ఆ రేటుకే కొంటున్నామని అనిపిస్తుంది. తిరిగొచ్చినవాళ్ల ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ పొరపాటే. నౌకా సంస్థ అమ్మగలిగేది తన చేతిలో ఉన్నదాన్ని మాత్రమే: గది, తిండి, శుభ్రత, భద్రత, సరైన సమాచారం. వీటిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ప్రయాణికుడు నిలదీయాల్సిందే. అలలు, గాలి, దీవిలో మంచినీళ్లు, అక్కడి జనం ఓపిక ఏ కంపెనీ సరుకూ కావు. మనవాళ్లు మాత్రం ఈ వరసను తిరగేస్తారు. దీవిలో దిగడం రద్దయితే రిసెప్షన్ దగ్గర గొడవకు దిగుతారు. లైఫ్ జాకెట్ డ్రిల్లుకు పిలిస్తే గదిలోంచి కదలరు.

తెలుగువాళ్లకు ఈ చర్చ ఇప్పుడు అవసరం. విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు కార్డీలియా నౌక తిరిగింది. 2024 జనవరిలో ప్రధాని పర్యటన తర్వాత లక్షద్వీప్ పేరు ప్రతి ఇంట్లోనూ వినిపించింది. కొచ్చి, ముంబయి వెళ్లి అక్కడ ఓడ ఎక్కే కుటుంబాలు పెరుగుతున్నాయి. వీళ్లలో ఎక్కువమందికి హోటల్ తెలుసు, రైలు తెలుసు, విమానం తెలుసు. ఓడ ఈ మూడింటిలా ఉంటుందనుకునే ఎక్కుతారు.

ముందు భూగోళం సంగతి. లక్షద్వీప్‌లో దీవులు 36; జనం ఉండేవి పది; అన్నీ కలిపినా నేల విస్తీర్ణం 32 చదరపు కిలోమీటర్లు. ఇవి పగడపు దిబ్బల మీద ఏర్పడ్డ దీవులు. చుట్టూ లోతు తక్కువ ఉప్పునీటి మడుగు, దాని అంచున పగడపు గోడ. ఫొటోలో ముద్దొచ్చే ఆ లేతనీలం రంగుకు కారణం నీటి లోతు తక్కువగా ఉండటమే. పెద్ద ఓడ దీవి దాకా రాలేకపోవడానికీ అదే కారణం. కాబట్టి ఓడ బయటే ఆగుతుంది, ప్రయాణికులు చిన్న పడవల్లోకి దిగి ఒడ్డుకు చేరాలి. లెక్క కోసం పదిహేను వందల మంది ప్రయాణికులు, యాభై మంది పట్టే పడవలు ఐదు అనుకుందాం. ఒక్కో పడవ ఆరుసార్లు తిరగాలి. రానూపోనూ నలభై నిమిషాలు పడితే, చివరి మనిషి ఇసుక తొక్కేసరికి దాదాపు నాలుగు గంటలవుతుంది. తిరిగి ఎక్కించడానికీ అంతే. క్యూ పొడవు సిబ్బంది బద్ధకానికి కొలత కాదని ఈ కూడికలు, గుణకారాలే చెబుతాయి. పైగా ఓడ పక్కన పడవ ఎగిరెగిరి పడుతున్నప్పుడు అరవై ఏళ్ల మనిషిని ఒక పలక మీంచి ఇంకో పలక మీదకు దాటించడం ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు. ఆ పూట దిగడం కుదరదని కెప్టెన్ తేల్చేస్తే, ఆయన తన పని చేశాడన్నమాట. ప్రపంచంలో ఏ క్రూయిజ్ టికెట్టు షరతులు చదివినా రేవును దాటవేసే అధికారం కెప్టెన్‌కు ఉంటుంది. చదివేవాళ్లే తక్కువ.

దీవి వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అగత్తిలో ఉన్నది ఏడున్నర వేల మంది. పదిహేను వందల మంది ఒక్కసారిగా దిగారంటే ఊరి జనాభాలో ఐదో వంతు మధ్యాహ్నం భోజనానికి వచ్చినట్టే. నది లేదు, చెరువు లేదు. ఇసుక కింద ఉప్పునీటి మీద పలచగా తేలే మంచినీటి పొరే బావులకు ఆధారం. దాన్ని ఎక్కువ తోడితే ఉప్పదనం ఎక్కుతుంది. అందుకే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల మంచినీళ్లిచ్చే కర్మాగారం పెట్టింది. పైనున్న గోరువెచ్చని సముద్రపు నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు నుంచి తెచ్చిన చల్లటి నీటితో ఆ ఆవిరిని మళ్లీ నీరుగా మార్చడం దాని పద్ధతి. ఇంత తంటాలు పడి తయారుచేసిన నీటితో, స్నార్కెలింగ్ అయ్యాక ఒంటికి అంటిన ఉప్పు పోయేదాకా షవర్ కింద నిలబడతామంటే కుదరదు. తిండీ అంతే. అక్కడ దొరికేవి చేప, కొబ్బరి. మిగతా సరుకంతా కొచ్చి, బేపూరు, మంగళూరు రేవుల నుంచి రావాల్సిందే. శాకాహారికి అన్నం, పప్పు, ఒక కూర దొరికితే వంటవాడు బాగానే కష్టపడ్డాడని అర్థం. ఆవకాయ సీసా వెంట తెచ్చుకునే మన పెద్దవాళ్లను పిల్లలు వేళాకోళం చేస్తారు గానీ, దీవి పరిస్థితిని సరిగ్గా అంచనా వేసింది వాళ్లే. జనం ఉండే దీవుల్లో మద్యనిషేధం ఉందన్న సంగతి మాత్రం కొందరికి పడవ దిగాకే తెలుస్తుంది.

ఓడలోని సేవకు వస్తే, ఏ ఓడ అన్నది ముందు తేల్చుకోవాలి. లక్షద్వీప్ పర్యాటక సంస్థ ‘స్పోర్ట్స్’ నడిపే ‘సముద్రం’ ప్యాకేజీకి వాడేది ఎంవీ కవరత్తి. రాత్రి ప్రయాణం, పగలు కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవుల్లో విహారం. ఏడు వందల మంది పట్టే ఆ ఓడ అసలు పని దీవులవాళ్లను కొచ్చికి చేర్చి వెనక్కి తేవడం. ఆసుపత్రికి వెళ్లే రోగి, కాలేజీకి వెళ్లే కుర్రాడు, పెళ్లి సరుకులు కొన్న కుటుంబం అందులోనే వస్తారు. పర్యాటకుడు వాళ్ల బండిలో సీటు అడిగి కూర్చున్న మనిషి. అందులో స్టార్ హోటల్ మర్యాదలు వెతకడం అన్యాయం. ప్రైవేటు క్రూయిజ్ సంగతి వేరు; వినోదం కోసమే అంత డబ్బు తీసుకుంటోంది కనుక అక్కడ ఎక్కువ ఆశించవచ్చు. అయితే కార్డీలియా ఎంప్రెస్ 1990లో ఫ్రాన్స్‌లో తయారై, మయామి నుంచి బహామాస్‌కు మూడు, నాలుగు రాత్రుల ప్రయాణాల కోసం నీళ్లలోకి దిగిన నౌక. గదులు చిన్నవిగా ఉండటం ఆనాటి రూపకల్పన ఫలితం. గది ఇరుకంటూ తువ్వాలు మార్చే అబ్బాయి మీద విరుచుకుపడితే లాభమేమిటి? నౌకా కార్మికుల అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. ఆ ఒప్పందం ప్రకారం సిబ్బందికి రోజుకు కనీసం పది గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అంటే పద్నాలుగు గంటల పనిదినం చట్టబద్ధమే. రాత్రి పన్నెండింటికి అడిగిన టీ పదిహేను నిమిషాలు ఆలస్యమైతే ఆ పద్నాలుగు గంటల్ని గుర్తు తెచ్చుకోవాలి.

‘అంత డబ్బు పోశాం, మాకేం తక్కువ?’ అని అడిగేవాళ్లుంటారు. సంవత్సరానికో, రెండేళ్లకో ఒకసారి, అప్పో సప్పో చేసి కుటుంబమంతా వెళ్లే మధ్యతరగతికి ఆ ప్రశ్న అడిగే హక్కుంది. జవాబు రసీదులోనే దొరుకుతుంది. టికెట్టులో ఏది కలిసి ఉంది, వైఫై, పానీయాలు, దీవిలో పడవ షికారు లాంటివాటిలో దేనికి విడిగా కట్టాలి అన్నది కొనేముందు చూసుకుంటే సగం చికాకు తప్పుతుంది. రెండో మాట, మాల్దీవులు. ‘వాళ్లు చేయగలిగింది మనం ఎందుకు చేయలేం?’ 2024లో 20 లక్షలకు పైగా పర్యాటకులను ఆదరించిన దేశంతో పోలిక సహజమే. కానీ అక్కడ దీవులు పన్నెండు వందలకు దగ్గర. 1972లో తొలి రిసార్టు వెలిసింది మొదలు ఒక దీవికి ఒక రిసార్టు అన్న పద్ధతి సాగింది. సొంత జనాభా లేని దీవిని మొత్తంగా అతిథికి అప్పగించి, తిండి దాదాపు అంతా దిగుమతి చేసుకుని, ఆ ఖర్చును రాత్రి అద్దెలో కలిపి వసూలు చేస్తారు. ఆ అద్దెతో పోల్చితే మన క్రూయిజ్ రేటు ఏ మూలకూ రాదు. పది దీవుల్లో అరవై నాలుగు వేల మంది బతికే చోట అలాంటి పద్ధతి పెట్టడమంటే ఊళ్లు ఖాళీ చేయించడమే. ఒక్కో దీవి ఎంత బరువు మోయగలదో చూసుకుని అభివృద్ధి జరగాలన్న ఆలోచనతోనే సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ కమిటీ సిఫార్సులు వచ్చాయి. ఆ హద్దు వల్ల పర్యాటకుడికి సౌకర్యం కొంత తగ్గుతుంది. తగ్గాలి కూడా.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. ఇలా ప్రయాణికుడికి సర్దుకుపొమ్మని చెబుతూ పోతే కంపెనీలు ప్రతి లోపాన్నీ సముద్రం మీదకు నెట్టేస్తాయి కదా? నెడతాయి. ఏసీ పనిచేయకపోయినా వాతావరణమే, మూడు గంటలు ఏ సంగతీ చెప్పకుండా లాంజ్‌లో కూర్చోబెట్టినా వాతావరణమే. అందుకే గీత స్పష్టంగా గీయాలి. అలలు కంపెనీ తప్పు కాదు. అలల సంగతి చెప్పకపోవడం కంపెనీ తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సంబంధిత సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమే. ఫిర్యాదు చేయడానికి కొచ్చి, ముంబయి పోనక్కర్లేదు. మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. భద్రత విషయంలోనైతే సర్దుబాటు మాటే వద్దు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ నౌక ఒరిగిపోయి 32 మంది చనిపోయారు; ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు అప్పటికి డ్రిల్లు జరగలేదు. ఆ తర్వాతే ఓడ కదిలేముందో, కదిలిన వెంటనేనో డ్రిల్లు జరపాలని అంతర్జాతీయ నిబంధన మారింది. 2021 డిసెంబరులో మన ఎంవీ కవరత్తి ఇంజిన్ గదిలోనే మంటలు లేచాయి. ఆరు వందల మందికి పైగా ప్రయాణికులున్నా ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. బఫేలో ఒక వంటకం తగ్గిందని ఫిర్యాదు పుస్తకం అడిగే ప్రయాణికుడు, తన లైఫ్‌బోటు ఏ డెక్కులో ఉందో ఎవరూ చూపించలేదని అడిగితే కంపెనీలు ఇంకాస్త భయపడతాయి.

ప్రభుత్వం చేయాల్సిన పని కూడా ఒకటుంది, పెద్ద ఖర్చు లేనిది. విమానాలు ఎన్ని రద్దయ్యాయి, ఎన్ని సమయానికి బయల్దేరాయి, పదివేల మంది ప్రయాణికులకు ఎన్ని ఫిర్యాదులొచ్చాయి అన్నది పౌర విమానయాన డైరెక్టరేట్ నెలనెలా సంస్థలవారీగా ప్రకటిస్తుంది. నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ కూడా క్రూయిజ్‌లకు అదే పని చేయవచ్చు. గత సీజన్‌లో ఫలానా నౌక ఎన్నిసార్లు లక్షద్వీప్ వెళ్లింది, అందులో ఎన్నిసార్లు ప్రయాణికులు దీవిలో నిజంగా దిగగలిగారు, దిగలేనప్పుడు ఎంత డబ్బు వెనక్కిచ్చారు అన్న మూడు అంకెలు బుకింగ్ పేజీలో రేటు పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉండాలి.